అప్పిచ్చే చెయ్యి, బండి ఎత్తే చెయ్యి

అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ గల్లీలల్ల కోచింగ్ తీసుకున్నోళ్లను అడుగుండ్రి, పట్నంల వాళ్లను సాదిందెవరని. పొద్దుగాల ఇడ్లీ బండి, పగటీలి అన్నం బండి, పొద్దుగూకినంక జొన్నరొట్టెలు. హోటల్ల తింటే మూడు నెలలకే ఒడిసే పైసలు బండ్ల కాడ ఆర్నెల్లు వస్తయి. పరీక్ష దాక పట్నంల ఆగుడా, బస్సెక్కి ఊరికి పోవుడా అన్నది గీ బండ్ల మీద్నే ఉంటది.

అసొంటి బండ్లు రాత్రికి రాత్రే మాయమైతున్నయి. గందుకే ఇది రాస్తున్న.

2024 జనవరిల కుమారి ఆంటీ ముచ్చట యాదికున్నదా? మాదాపూర్ దిక్కు అన్నం అమ్ముకునే ఆమె వీడియోలు వైరలైనయి, జనం ఎగబడ్డరు. ట్రాఫిక్ జామైతున్నదని పోలీసులు బంద్ వెట్టిచ్చిండ్రు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకొని అక్కడ్నే అమ్ముకోనియ్యమన్నడు. మంచిదే, నేను సుత సంతోషపడ్డ. కని వీడియోలల్ల కనవడని ఆమె సంగతేంది? ఎవరికి ఫోన్ జేస్తది?

నిజానికి ఎవరికీ ఫోన్ చేసే అక్కర లేదు. వీధి వ్యాపారుల చట్టం 2014 మే 1 నుంచే అమల్ల ఉన్నది. మన రాష్ట్రం కంటె నెల రోజులు పెద్దది! సర్వే జేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాక ఉన్నోళ్లను లేపొద్దని అండ్ల రాసున్నది. లేపాల్సొస్తె 30 రోజుల ముందు నోటీసియ్యాలె. సామాన్లు జప్తు జేస్తె లిస్టు రాసియ్యాలె. ఫీజు కట్టి అడిగితే రెండు పనిదినాలల్ల వాపస్ ఇయ్యాలె, పాడైపోయే సామానైతే అదే రోజు. టౌన్ వెండింగ్ కమిటీల కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలె, వాళ్లను వాళ్లే ఎన్నుకోవాలె.

నాకెరుకైన ఒక అక్క ఉన్నది, ఊరిడిసి వచ్చి రోడ్డు పక్కన జొన్నరొట్టెలు జేస్తది. ఒకప్పుడు జొన్నరొట్టె అంటే పట్నపోళ్లు నవ్వేది. ఇయ్యాల షుగరున్నోళ్లు కార్లు ఆపి మరీ పార్సిల్ కట్టిచ్చుకుంటున్నరు. కరోనా టైంల, 2020ల వచ్చిన పీఎం స్వనిధి కింద ఆమెకు 10 వేల అప్పు దొరికింది. ఆ పైసలతోని పెద్ద పొయ్యి, గొడుగు కొన్నది. ఒకనాడు లారీల వచ్చినోళ్లు పొయ్యి, గొడుగు, పిండి డబ్బా అన్నీ ఎత్తుకపోయిండ్రు. నోటీసు లేదు, లిస్టు లేదు. కిస్తీ మాత్రం నెల తిరిగేసరికి కట్టాల్నట.

బండ్ల తిండి శుభ్రంగ ఉండదంటరు. కొంత నిజమే. 2024 అక్టోబర్‌ల మోమోలు తిని ఒకామె పానం పోయింది, మస్తుమంది దవాఖానల పడ్డరు. సర్కారు పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాది బంద్ వెట్టింది. సరైన పనే. కని నల్లా లేని కాడ గిన్నెలు ఎట్ల కడుగుతరు? సింగపూర్‌ల 1968, 69లల్ల రోడ్డు మీద అమ్మేటోళ్లందరి పేర్లు రాసుకున్నరు. 1971 నుంచి నీళ్లు, మోరీలు ఉన్న హాకర్ సెంటర్లు కట్టి అండ్లకు తీస్కపోయిండ్రు. 2020ల యునెస్కో ఆ తిండి సంస్కృతిని తన జాబితల చేర్చింది. అక్కడ సర్కారు కఠినంగనే ఉన్నది, నాకు అన్నీ నచ్చయి. అయినా లేపే ముందు జాగ సూపెట్టిండ్రు. మనకు అంత పెద్ద బిల్డింగులు వద్దు. ఒక నల్లా, ఒక మోరీ, ఒక చెత్తడబ్బా పెడితే చాలు.

అక్క ఇప్పుడు రెండు గల్లీల అవతల అమ్ముతున్నది. పాత గిరాకీ సగం రాలే. మొన్న పోతే లామినేషన్ చేసిన స్వనిధి కాయితం సూపెట్టి, "తమ్మీ, గిది సూపెడితే ఇడిసిపెడ్తరా?" అన్నది.

"గది అప్పు కాయితం అక్కా. నీకు కావాల్సింది వెండింగ్ సర్టిఫికెట్" అన్న.

"గదెక్కడిస్తరు?"

సోమవారం నాడు ఇద్దరం దరఖాస్తు పట్టుకొని మున్సిపల్ ఆఫీసుకు పోతున్నం.