తప్పు మనదా? కంపైలర్‌దా?

మన హాస్టల్లో చదివి ఇంజనీరింగ్, పాలిటెక్నిక్, ఎం.సి.ఏ.లలో చేరినవారు, రేపు చేరబోయేవారు ఈ సంచిక చదువుతారు. ముఖ్యంగా వారి కోసమే ఈ నాలుగు మాటలు.

ప్రోగ్రాం రన్ చేస్తే జవాబు తేడాగా వచ్చిందనుకోండి. మనలో చాలామంది "మనకే రాలేదులే" అనుకుని ఊరుకుంటారు. ఇంకొందరు రెండు నిమిషాలైనా చూడకుండా "కంపైలరే తప్పు" అనేస్తారు. ఈ రెండు అలవాట్లూ మనకు చేటేనని నా అభిప్రాయం.

మనం సి వంటి భాషలో రాసినదాన్ని యంత్రానికి తెలిసే ఆదేశాలుగా మార్చేదే కంపైలర్. అదీ మనుషులు రాసిన ప్రోగ్రామే. కాబట్టి దానిలోనూ లోపాలుంటాయి. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు సీస్మిత్ అనే సాధనంతో సి కంపైలర్లను మూడేళ్ళపాటు పరీక్షించారు. అంతకుముందు ఎవరికీ తెలియని లోపాలు 325కు పైగా కనిపెట్టి, వాటిని తయారుచేసేవారికి తెలియజేశారు. సరైన ప్రోగ్రాం ఇచ్చినా, వారు పరీక్షించిన ప్రతి కంపైలరూ ఏదో ఒకచోట కుప్పకూలింది. మరోచోట చప్పుడు చేయకుండా తప్పు ఆదేశాలు తయారుచేసింది. 2011లో వారు ప్రకటించిన విషయమిది. కాబట్టి తప్పు ఎప్పుడూ మనదే అనుకోనక్కర లేదు.

అలాగని తొందరపడకూడదు. 2007 జనవరిలో జి.సి.సి. కంపైలర్‌పై వచ్చిన 30475వ నంబరు ఫిర్యాదు చూడండి. ఒక పూర్ణాంకానికి 100 కలిపితే ముందుకంటే పెద్దది కావాలి. 2147483647 వంటి గరిష్ఠ విలువకు కలిపితే హద్దు దాటిపోతుంది కదా, అది పట్టుకోవడానికి ఒక ప్రోగ్రామర్ తన ప్రోగ్రాంలో తనిఖీ పెట్టుకున్నాడు. కంపైలర్ ఆ తనిఖీనే తీసేసింది! ఇది లోపమని ఆయన రాశాడు. కాదు, గుర్తున్న పూర్ణాంకం హద్దు దాటితే ఏం జరగాలో సి ప్రమాణం చెప్పలేదు, అలా జరగదనే కంపైలర్ అనుకుంటుంది అని జవాబిచ్చి ఫిర్యాదును మూసేశారు. ఆ తర్వాత చాలాసేపు వాడివేడిగా వాదన నడిచింది.

నా దృష్టిలో అక్కడ ఇద్దరి మాటలోనూ న్యాయముంది. నిబంధన కంపైలర్ వైపే ఉంది. కానీ భద్రత కోసం పెట్టుకున్న తనిఖీని చెప్పకుండా తీసేస్తే వాడేవాడికి ఎలా తెలుస్తుంది? అదే ఏడాది వచ్చిన జి.సి.సి. 4.2లో ఇలాంటి చోట్ల హెచ్చరించే సదుపాయం చేర్చారు. ఇక్కడ గమనించవలసింది మరొకటుంది. ఆ ప్రోగ్రాం కొద్ది వరుసలే కాబట్టి అసలు విషయం ఎక్కడుందో అందరికీ వెంటనే కనిపించింది. కోపం వల్ల మాత్రం ఒరిగిందేమీ లేదు.

"మూడు రోజులుగా నీళ్ళు లేవు" అని రిజిస్టర్లో రాయడం వేరు, "రెండో అంతస్తులో చివరి కుళాయి, సోమవారం ఉదయం నుంచి" అని రాయడం వేరు. రెండోది చదివినవాడు నేరుగా రెంచీ తీసుకుని వెళ్తాడు. కంపైలర్ లోపం రాయడమూ అంతే. ఏ వెర్షన్, ఏ యంత్రం, ఇచ్చిన పూర్తి ఆదేశం, వచ్చిన సందేశం, లోపం మళ్ళీ కనిపించేలా చేసే ప్రోగ్రాం: ఇవి ఉండాలి. వెయ్యి వరుసల ప్రోగ్రాం నుంచి అక్కరలేనివి తీసేస్తూ పది వరుసలకు తేవాలి. ఆ కోతలోనే తప్పు ఎవరిదో సగం తేలిపోతుంది. ముందే ఎవరైనా రాశారేమో వెతకాలి. దశాంశ లెక్కల్లో తేడాల గురించి 2000లో నమోదైన 323వ నంబరు ఫిర్యాదునే ఎందరో మళ్ళీ మళ్ళీ కొత్తగా రాశారు. పాత ఇంటెల్ ప్రాసెసర్ల లెక్కల విభాగం 80 బిట్లలో లెక్కించడం అక్కడి చిక్కు.

"మన ఇంగ్లీషుతో అక్కడ రాయగలమా?" అని జంకేవారికి ఒక మాట. నీది ఏ ఊరు, ఏ కాలేజీ, ఎన్ని మార్కులు అని అక్కడ అడగరు. ఇలా చేశాను, ఇది రావాలి, ఇది వచ్చింది అనే మూడు చిన్న వాక్యాలు చాలు. పది వరుసల ప్రోగ్రామే మిగతాది మాట్లాడుతుంది. ఆధారంతో అడిగినవాడి ప్రశ్నను తోసిపుచ్చాలన్నా, అవతలివారు కారణం చెప్పవలసి వస్తుంది. అడగకుండా ఊరుకుంటే మనకు దక్కకుండా పోయేది ఆ కారణమే.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు నా విజ్ఞప్తి ఒక్కటే. సెలవులకు వచ్చినప్పుడు తమ్ముళ్ళను, చెల్లెళ్ళను కూర్చోబెట్టుకుని ఒక్క లోపాన్నైనా పది వరుసలకు కుదించి చూపించండి. అది చివరకు మన తప్పేనని తేలినా ఫరవాలేదు, ఆ పూట చదువు వృథా పోదు.