ఫిడేలు వలన అన్నము

“అయ్యగారూ, ఫిడేలు వాయించినచో అన్నము పుట్టునా?” అని మొన్నటి వేసవిలో ఒక విద్యార్థి తండ్రి నన్నడిగెను. ఆయన పాలమూరు ప్రాంతపు రైతు. కుమారునకు పాటయందు మంచి చెవి కలదు. లెక్కలయందు మాత్రము శ్రద్ధ లేదు. అప్పుడు నాకు తగిన యుత్తరము తోచలేదు. ఆలోచించి ఇప్పుడు వ్రాయుచున్నాను.

ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1893లో బెంగుళూరునందు జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి. చూపు మందగించుటచే వారి బడిచదువు మధ్యలోనే నిలిచిపోయెను. అన్నగారియొద్ద ఫిడేలు నేర్చుకొనిరి.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలెను. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో వెనుకబెంచీ బాలుడొకడు నల్లబల్లమీది లెక్కలను తప్పుగా నెక్కించుకొనుచుండెను. సోమరియని తలచి వానిని రెండుమారులు నిలువబెట్టితిని. వానికి బల్లయే కనబడుటలేదని మూడు మాసములకుగాని నాకు తెలియలేదు. నాయుడుగారి బాల్యమును చదివినప్పుడెల్ల ఆ బాలుడు నాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

ఫిడేలు ఐరోపావారి వాద్యము. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దీనిని వారియొద్ద నేర్చి మన సంగీతమునకు మలచిరని చెప్పుదురు. వారు నిలువబడి గడ్డముక్రింద అదిమి వాయించు దానిని మనవారు నేలపై కూర్చుండి, దాని కొనను కుడిపాదముపై ఆనించి వాయింతురు. అందుచే ఎడమచేతికి మోయవలసిన బరువు లేక, వ్రేళ్లు తంత్రులపై యథేచ్ఛగా జారి గమకములు పలికించును. వీణకువలె దీనికి మెట్లు లేవు. వ్రేలు వెండ్రుకవాసి తప్పినను అపస్వరమే. కావున కన్నుకంటె చెవికే పని యెక్కువ.

పక్కవాద్యకానికి మరియొక కష్టము కలదు. గాయకుడు ఏ మార్గమున పోవునో ముందుగా తెలియదు. విన్నదానిని వెనువెంటనే అనుసరింపవలెను, తన వంతు వచ్చువరకు అణగియుండవలెను. మా తరగతులలో ఇన్ని పాఠములున్నను వినుట నేర్పు పాఠమొక్కటియు లేదు. అట్లు ఒకరి ప్రక్కన కూర్చుండు వాద్యమునకు నాయుడుగారు ప్రత్యేకస్థానము కల్పించిరి. 1938లో వెల్లూరునందు ఫిడేలుతోనే కచేరి నడపిరి.

రైతు ప్రశ్నకు వత్తును. 1919లో విజయనగర ప్రభువులు విజయరామ గజపతిరాజుగారు సంగీత పాఠశాలను నెలకొల్పి, ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షునిగా నియమించిరి. నాయుడుగారు అందులో ఫిడేలు ఆచార్యులై, 1936లో అధ్యక్షులైరి. 1941లో సంగీత కళానిధి బిరుదము, 1957లో పద్మశ్రీ వచ్చినవి. 1964లో కాలధర్మము నొందిరి. బిరుదులకంటె నాకు ముఖ్యముగా తోచునది ఆ పాఠశాల ఉద్యోగమే. కచేరి లేని మాసమున కూడ ఇంట పొయ్యి వెలుగవలెను గదా!

ఇక మనవైపు చూడుడు. పూర్వము మహబూబునగరు జిల్లాలోనుండి, 2016లో నాగరుకర్నూలు జిల్లాగా విడివడిన సీమలో దర్శనం మొగులయ్యగారు పండ్రెండు మెట్ల కిన్నెరను వాయించి, 2022లో అదే పద్మశ్రీని పొందిరి. 2024లో ఆయన కట్టడపు పనులలో కూలి చేయుచున్నారని పత్రికలు ప్రకటించినవి. ఇరువురి విద్యలలో ఏది గొప్పయని తూచుట నా పని కాదు. ఒకరికి కూర్చుండి నేర్పుటకు కుర్చీ దొరకినది. రెండవవారి కిన్నెరకు అట్టి కుర్చీని ఏ పాఠశాలయు వేయలేదు. మన పాఠశాలయు వేయలేదు. కాబట్టి ఆ రైతు తన ప్రశ్నను కుమారునివైపు చూచి కాక, మావైపు చూచి అడుగవలసియుండెను.

సంగీతమున కాలము వ్యర్థమై పరీక్షలు చెడునని కొందరు సహోపాధ్యాయులు శంకించుచున్నారు. వారానికి ఒక్క గంటతో చెడునంత బలహీనమైన చదువును మనము చెప్పుచున్నామని నేననుకొనను.

మన ప్రార్థనమందిరపు హార్మోనియము ఆదివారము తప్ప తెరువబడదు. దాని తాళపుచెవి నాయొద్దనే యున్నది. రాబోవు జూనునుండి శనివారపు కడపటి గంటను సంగీతమునకు విడువవలెననియు, ఫిడేలుగాని కిన్నెరగాని తెలిసిన యొకరిని జీతమిచ్చి నియమింపవలెననియు ప్రధానోపాధ్యాయులవారికి అర్జీ పెట్టియున్నాను. ప్రత్యుత్తరము ఇంకను రాలేదు. ఆ రైతు కుమారుడు జూనున తొమ్మిదవ తరగతికి వచ్చును. ఇచ్చట వానికి మిగిలినవి రెండు సంవత్సరములు.