జట్టు కాకినాడకు, కోచ్ కోనసీమకు

ఆంధ్రప్రదేశ్ క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) అధ్యక్షుల వారికి, మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



మన రాష్ట్ర జూనియర్ బాలికల హాకీ జట్టుకు ఏడాది పొడవునా ఉండే స్థావరంగా కాకినాడను ఖాయం చేయమని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. మా ఊరికి స్టేడియం కావాలనే అర్జీలు మీ బల్ల మీద గుట్టలుగా పడి ఉంటాయని తెలుసు. ఇది ఆ గుట్టలో చేరేది కాదు. జట్టును కోనసీమలోని మా పి.గన్నవరానికి తెమ్మనడం లేదు, అమలాపురానికీ తెమ్మనడం లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కాకినాడ మాకు పొరుగు జిల్లా అయిపోయింది. అయినా ఆ ఊరి పేరే చెబుతున్నానంటే, అక్కడ హాకీకి సింథటిక్ టర్ఫ్ ఉంది, దాని మీద దేశం వచ్చి ఆడింది. 2023 ఫిబ్రవరిలో సీనియర్ మహిళల జాతీయ పోటీలు కాకినాడలో జరిగాయి. 2025 ఆగస్టులో జూనియర్ మహిళల 15వ జాతీయ పోటీలూ అక్కడే జరిగాయి. ఫైనల్లో హరియాణాను ఓడించి ఝార్ఖండ్ అమ్మాయిలు కప్పు పట్టుకెళ్లారు. ఊరందరికీ పెళ్లి భోజనం పెట్టగలిగిన ఇల్లు సొంత పిల్లలకు రోజూ ఇంత అన్నం పెట్టలేదా అన్నదే నా ప్రశ్న.

ముందుగా మన జూనియర్ జట్టు అంటే ఏమిటో చూద్దాం. కెనడాలో జూనియర్ ఐస్ హాకీ జట్టు అంటే ఒక క్లబ్బు. దానికో ఊరు, ఆ ఊళ్లో రింక్ (మంచు మైదానం), సీజన్ టికెట్లు కొనే జనం ఉంటారు. అక్కడి వెస్టర్న్ హాకీ లీగ్‌లో ఒక్కో జట్టు సీజన్‌కు 68 మ్యాచ్‌లు ఆడుతుంది, వాటిలో సగం సొంత ఊళ్లోనే. అందుకే జట్టు ఊరు మారుతుందంటే అక్కడ గగ్గోలు పుడుతుంది. మన దగ్గర జూనియర్ జట్టు క్లబ్బు కాదు, ఎంపిక జాబితా. జిల్లాల నుంచి పిల్లల్ని పిలుస్తారు, కొన్నాళ్లు శిబిరం పెడతారు, రైలెక్కిస్తారు, జాతీయ పోటీల్లో కాసిని మ్యాచ్‌లు ఆడిస్తారు, తిరిగొచ్చాక ఎవరింటికి వాళ్లు. ఏడాదిలో ఆ జట్టు జట్టుగా బతికేది వారాల లెక్కన. పైగా 2025 నుంచి జాతీయ పోటీలను మూడు డివిజన్లు చేశారు. కింద ఉన్నవాళ్లు అక్కడ గెలిస్తేనే పైకి వస్తారు. పక్కన ఆడే అమ్మాయి బంతిని ఎటు తోస్తుందో శిబిరంలో తెలుసుకునేలోపే పోటీ అయిపోయే జట్టు ఆ నిచ్చెన ఎలా ఎక్కుతుంది? కాబట్టి నేను అడిగేది తరలింపు అనుకుంటే అందులో సగమే నిజం. ఉన్నచోటి నుంచి కదిలించమనడం కన్నా, అసలు ఉండడానికంటూ ఒక చోటు ఇవ్వమనడమే ఎక్కువ.

పేరు ఒక చోట, ఆట ఇంకో చోట అనేది మనకు అలవాటైపోయిన సంగతి. 2024-25 హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ జట్టు చేతిలో 4-3తో ఓడింది. ఆ ఫైనల్ రూర్కెలాలో జరిగింది. విశాఖ జట్టుగా నమోదైన టీం గోనాసిక కూడా తన ఆటంతా రూర్కెలా, రాంచీల్లోనే ఆడింది. జెర్సీ మీద ఊరి పేరుంటే ఆ ఊళ్లో ఆట పెరుగుతుందనుకోవడం ఎంత అమాయకత్వమో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

పెద్ద నగరమైతేనే జట్టు నిలబడుతుందనే వాదన ఒకటుంది. దానికి గట్టి జవాబు ఆ కెనడా నుంచే దొరుకుతుంది. ఆ వెస్టర్న్ హాకీ లీగ్‌లోని కూటెనే ఐస్ అనే జూనియర్ జట్టు క్రాన్‌బ్రూక్ అనే పట్టణంలో ఉండేది. ఆ ఊరి జనాభా 20 వేలు అటూ ఇటూ. 2002లో అక్కడి జూనియర్ హాకీలో అతి పెద్దదైన మెమోరియల్ కప్‌ను ఆ జట్టే గెలిచింది. 2019లో యజమానులు దాన్ని 7 లక్షలకు పైగా జనం ఉన్న విన్నిపెగ్‌కు పట్టుకుపోయారు. కొత్త రింక్ కడతామన్నారు, కట్టలేదు. 2 వేల మందికి కూడా చోటు చాలని యూనివర్సిటీ రింక్‌లోనే ఆడించారు. జట్టు చెడ్డదా అంటే, 2023లో లీగ్ ఫైనల్ ఆడింది. అదే ఏడాది అది చేతులు మారి, అమెరికాలో 35 వేల జనాభా ఉన్న వెనాచీకి వెళ్లిపోయింది. వెనాచీలో రింక్ ఉంది. విన్నిపెగ్‌లో ఏడు లక్షల మంది ఉన్నా తగిన రింక్ లేదు. అదే లీగ్‌లో స్విఫ్ట్ కరెంట్ అనే ఊరుంది. సుమారు 17 వేల జనాభా, జట్టు ఊరివాళ్ల సొంతం. 1989లో మెమోరియల్ కప్ ఆ ఊరికి వచ్చింది. మా అమలాపురం పట్టణ జనాభా 2011 లెక్కల్లోనే 50 వేలు దాటింది. జనాభాను బట్టే జట్లు నిలబడేటట్టయితే స్విఫ్ట్ కరెంట్ పేరు మనకు తెలిసేదే కాదు.

అది మంచు మీది ఆట, డబ్బున్న దేశం, మనకెందుకంటారా? మన దేశానికే వద్దాం. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వచ్చిన భారత మహిళల జట్టు కెప్టెన్ రాణీ రాంపాల్‌ది హరియాణాలో షాబాద్ మార్కండా. కురుక్షేత్ర జిల్లాలో ఓ చిన్న పట్టణం. ఆ జట్టులోని నవ్‌జోత్ కౌర్, నవ్‌నీత్ కౌర్‌లదీ ఆ ఊరే. ఒక ఒలింపిక్ జట్టులో ఒకే చిన్న ఊరి అమ్మాయిలు ముగ్గురంటే అది గాలివాటంగా జరిగేది కాదు. ద్రోణాచార్య అవార్డు అందుకున్న బల్‌దేవ్ సింగ్ అనే కోచ్ ఏళ్ల తరబడి ఆ ఊరి మైదానంలో నిలబడ్డాడు, అంతే. ఝార్ఖండ్‌లో సిమ్‌డేగా సంగతీ చూడండి. భారత కెప్టెన్ సలీమా టేటేది ఆ జిల్లాలోని పల్లెటూరు. 2021లో జూనియర్ మహిళల జాతీయ పోటీలు సిమ్‌డేగాలోనే జరిగాయి. నాలుగేళ్ల తర్వాత ఝార్ఖండ్ అమ్మాయిలు మన కాకినాడకు వచ్చి కప్పు గెలిచారు. ఒడిశా ప్రభుత్వం భువనేశ్వర్‌లో పెద్ద స్టేడియం ఉంది కదా అని ఊరుకోలేదు. సుందర్‌గఢ్ జిల్లాలోని 17 బ్లాకుల్లోనూ టర్ఫ్‌లు పరిచే పని పెట్టుకుంది. తమిళనాడులో కోవిల్‌పట్టి తాలూకా పట్టణం. 2022లో జూనియర్ పురుషుల జాతీయ పోటీలు అక్కడ జరిగాయి. 2025 జూనియర్ ప్రపంచకప్‌ను చెన్నైతోపాటు మదురైకీ పంచారు. ఈ రాష్ట్రాలన్నీ జనం ఎక్కడెక్కువ ఉన్నారని చూడలేదు, ఆడే పిల్లలు ఎక్కడున్నారని చూశాయి.

ఇక్కడ మా కోనసీమ వాళ్లే ఒక అభ్యంతరం చెప్పగలరు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి హైదరాబాద్ వెళ్లి గోపీచంద్ అకాడమీలో చేరాకే కదా చిరాగ్ శెట్టితో కలిసి ప్రపంచ నంబర్ వన్ అయింది, ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం తెచ్చింది? పెద్ద ఊరికి వెళ్తేనే పైకొస్తారనడానికి అంతకంటే రుజువేం కావాలి? సాత్విక్ గురించి మాకు ఉన్న గర్వం చిన్నది కాదు గానీ, ఈ రుజువు హాకీకి అతకదు. బ్యాడ్మింటన్‌లో ఒక పిల్లవాడి దారి ఒక పిల్లవాడిదే. వాడు రాకెట్ సంచి భుజాన వేసుకుని హైదరాబాద్ వెళ్తే వాడి ఆట వాడితోనే వెళ్తుంది. సాత్విక్‌కు తొలి పాఠాలు అమలాపురంలోనే పడ్డాయన్నదీ మరచిపోకూడదు. హాకీలో మైదానంలోకి దిగేదే పదకొండు మంది, వాళ్లకు ఎదురాడడానికి ఇంకో పదకొండు మంది కావాలి. ఒక ప్రాంతంలోని మేటి ఆటగత్తె ఒకతె పెద్ద నగరానికి పోతే ఆమె బాగుపడుతుందేమో, వెనక మిగిలిన ఇరవై మందికి మాత్రం ఎదురాడే మనిషి తగ్గిపోతుంది. చిత్తూరు వైపు నుంచి రజని ఎతిమార్పు గోల్‌కీపర్‌గా భారత జట్టు దాకా వెళ్లింది. ఆమె పేరు మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆమె పక్కన చెప్పడానికి మరో పేరు కోసం ఎంతసేపు వెతుక్కోవాలో మీకే బాగా తెలుసు.

అయితే జట్టును నేరుగా కోనసీమకే ఇవ్వవచ్చు కదా అని మా వాళ్లు నన్ను నిలదీస్తారు. ఇవ్వకూడదనే నా అభిప్రాయం, కనీసం ఇప్పట్లో. జట్టు ప్రయాణాలు చేయాలి. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు, కోటిపల్లి-నర్సాపురం లైను పనులు ఏళ్లు గడిచినా సాగుతూనే ఉన్నాయి. కాకినాడలో స్టేషన్లున్నాయి, పక్కనే సామర్లకోట జంక్షన్. ఇక టర్ఫ్ అంటే పచ్చ చాప తెచ్చి పరిచేయడం కాదు. 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పున నేల ఒక్క తీరుగా ఉండాలి, కింద కంకర, తారు పొరలు వేసి నీరు జారే వాలు పెట్టాలి. డెల్టా ఒండ్రుమట్టిలో ఆ పునాది కుంగకుండా నిలపడం ఖర్చుతో కూడిన పని. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకల్లో ఇళ్ల ముందు నీళ్లెంత నిలిచాయో చూసినవాళ్లెవరూ ఇక్కడ కోట్లు పెట్టి టర్ఫ్ వేయమని తొందరపడరు. పదేళ్లు తిరక్కుండానే దాన్ని మార్చాల్సి వస్తుంది కూడా. కాకినాడలో ఇప్పటికే ఉన్న టర్ఫ్‌ను పిల్లలతో నింపకుండా ఇంకో చోట ఇంకోటి వేయడం నాకు దుబారాగానే కనిపిస్తుంది.

కోనసీమకు కావలసింది కోచ్. ఇక్కడి హైస్కూలు మైదానంలో హాకీ ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. సున్నంతో వేసిన గీతలు ఒక్క జల్లుకు కొట్టుకుపోతాయి. గరిక దుబ్బుకు తగిలిన బంతి మోకాలి ఎత్తుకు లేస్తుంది. అందుకని పిల్ల స్టిక్‌ను నిటారుగా పట్టి, బంతి దగ్గరకొచ్చి నెమ్మదించేదాకా ఆగడం నేర్చుకుంటుంది. అదే పిల్లను మొదటిసారి టర్ఫ్ మీద నిలబెడితే బంతి నేలకు అంటుకుని దూసుకొస్తుంది, ఆమె స్టిక్ కిందికి దించేలోపు దాటిపోతుంది. నడుం వంచి, స్టిక్‌ను నేలకు పరిచి ఆపడం అక్కడి పద్ధతి. ఏళ్లుగా ఒంటికి పట్టిన అలవాటు వారం శిబిరంలో పోదు. సిమెంటు గచ్చు మీద ఒక చిన్న సింథటిక్ పట్టీ, పది స్టిక్కులు, సాయంత్రాలు వచ్చే ఒక కోచ్ ఉంటే పన్నెండేళ్లకే ఈ తేడా తెలుస్తుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో అలాంటివి ఒక్కొక్కటి పెట్టండి. నెలకు రెండుసార్లు ఆ పిల్లల్ని కాకినాడ టర్ఫ్ మీదికి తీసుకెళ్లి జూనియర్ జట్టుతో ఆడించండి. ఎదుర్లంక-యానాం వంతెన వచ్చాక అమలాపురం నుంచి కాకినాడకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆడపిల్లను దూర నగరం హాస్టల్‌కు పంపడానికి వెనకాడే తల్లిదండ్రులు ఇంత దూరానికి ఒప్పుకుంటారు. సంవత్సరంలో ఒక్క శిబిరం మీదే ఎంపిక జరిగితే నష్టపోయేది ఎవరో కూడా చెప్పాలి. 2025 జూనియర్ పోటీలు ఆగస్టులో జరిగాయి. ఊడిమూడిలంక, జి.పెదపూడి లంక పిల్లలు వరదలో పడవెక్కి బడికి వెళ్లే రోజులవి. శిబిరం జరిగే వారం పడవ ఆగితే ఆ పిల్ల ఏడాది పోయినట్టే. ఏడాదంతా తెరిచి ఉండే స్థావరమైతే వరద తగ్గాక కూడా ఆమెను చూడొచ్చు.

మిగిలిన అభ్యంతరాలకు అంత జాగా అక్కర్లేదు. చిన్న ఊళ్లో చూసేవాళ్లుండరంటారు. సంక్రాంతికి మా వైపు కోడిపందేల బరుల చుట్టూ గ్యాలరీలు, ఫ్లడ్‌లైట్లు ఎన్ని రోజుల్లో లేస్తాయో మీ పోలీసు సోదరులను అడగండి, జనం సంగతి వాళ్లే చెబుతారు. (దాన్ని మెచ్చుకోవడం లేదు, జనానికి కొరత లేదని మాత్రమే.) అమరావతి నవ నగరాల్లో క్రీడానగరం వస్తోంది కదా, అన్నీ అక్కడే పెడదామంటారు. రానీయండి, సీనియర్లకూ అంతర్జాతీయ పోటీలకూ అది పనికొస్తుంది. కట్టబోయే భవనం కోసం ఇవాళ పదహారేళ్లున్న పిల్ల ఆగలేదు, జూనియర్ వయసు రెండు మూడు సీజన్లలో అయిపోతుంది. ఒక జిల్లాకు పక్షపాతం అవుతుందన్నది కొంత బరువున్న మాట. రాయలసీమ పిల్లలకు కాకినాడ దగ్గరేమీ కాదు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇంటర్, డిగ్రీ సీట్లతో, మంచి హాస్టల్‌తో వాళ్లను పిలిస్తే వస్తారని మాత్రం అనుకుంటున్నాను. ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడల కోటాను రెండు నుంచి మూడు శాతానికి పెంచింది. ఆ మూడు శాతంలో హాకీ పిల్లలకు వాటా దక్కాలంటే వాళ్లకు జాతీయ స్థాయి ఫలితాలుండాలి, ఫలితాలు కావాలంటే కలిసి ఆడే కాలం ఉండాలి.

కాబట్టి చిన్న కాగితం పనే అడుగుతున్నాను. రాష్ట్ర హాకీ సంఘంతో కూర్చుని, వచ్చే జూనియర్ ఎంపికల ప్రకటనలో శిబిరం జరిగే చోటు కాకినాడ అనీ, గడువు ఒక విద్యా సంవత్సరమనీ రాయించండి. కాలేజీ ఏదో, హాస్టల్ ఏదో, కోచ్ ఎవరో, పొరుగు రాష్ట్రాల జట్లతో కాకినాడలో ఆడే మ్యాచ్‌లెన్నో అందులోనే చెప్పండి. విన్నిపెగ్‌లో కొత్త రింక్ హామీ నోటిమాటగానే మిగిలిపోయింది. ఇక్కడ కాగితం మీద తేదీలతో ఉంటే, మేం వచ్చి అడగడానికి వీలుంటుంది.

ఇట్లు,
పి.గన్నవరం వాస్తవ్యుడు