గంతుల మంచమునకు కాపలా

నులకమంచముపై పిల్లలు గంతులు వేయుట ఏ యింటి పెద్దలును సహింపని పని. నులక సడలును, పట్టె విరుగును, పడినవానికి పన్ను రాలును. అట్టి గంతులకే ప్రత్యేకముగా నొక మంచమును నిర్మించి, పెరటిలో నిలిపి, "పోయి ఎగురుడు నాయనా" అని పిల్లలను పంపు కాలము వచ్చినది. దాని పేరు ట్రాంపొలిన్. నిర్మాణమును బట్టి చూచినచో నులకమంచమునకు దూరపు చుట్టమే. కోళ్ల స్థానమున ఇనుప కాళ్లు, పట్టెల స్థానమున గుండ్రని గొట్టము, నులక స్థానమున బిగువైన గుడ్డ, ఆ గుడ్డను చుట్టును లాగిపట్టు స్ప్రింగులు.

1934 ప్రాంతమున అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున జార్జి నిస్సెన్, లారీ గ్రిస్వోల్డ్ అను వ్యాయామవేత్తలు దీనిని రూపొందించిరి. సర్కసు ఊయలలపై విన్యాసములు చేయువారు చివరకు క్రిందనున్న వలలోనికి దూకి మరల పైకెగురుట నిస్సెన్ చిన్ననాట చూచిన దృశ్యము. నీటిలోనికి దూకు పలకకు స్పానిష్ భాషలోనున్న మాటయే దీనికి పేరైనది. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో ఇది పోటీక్రీడ కూడ అయ్యెను. పుట్టుకను బట్టి యిది శిక్షణ పొందినవారి సాధనము. ప్రక్కన గురువు నిలిచియుండగా వాడదగినది. పెరటికి సాధనము వచ్చినది గాని, గురువు వెంట రాలేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములలో నిది వీథివీథిని కనిపించు వస్తువు కాదు. అయినను ఈ మూడూళ్లకును బెంగళూరు దగ్గర. అచట ఉద్యోగము చేయు కొడుకు, నగరపు క్రీడాకేంద్రములో తన బిడ్డ కేరింతలను చూచి, ఊరిలోని విశాలమైన పెరడును తలచుకొని, ఫోనులో కొని పంపుట యిప్పుడు క్షణములో పని. అమెరికాలోని బిడ్డలయొద్ద ఆరు మాసములు గడపివచ్చు తల్లిదండ్రులకు దీని పరిచయము మరియొక విధముగా కలుగును. కొడుకును కోడలును పనిలో మునిగియుండగా, పెరటిలో కుర్చీ వేసికొని మనుమల గంతులకు కాపలా కాయు ఉద్యోగము అవ్వాతాతలకు దక్కును. జీతము లేదు సరే, అధికారము కూడ లేదు.

ఆ కాపలా విలువ యెంత? అమెరికా శిశువైద్యుల అకాడమీ 2012లో ప్రకటించిన అభిప్రాయపత్రము కనువిప్పు కలిగించును. దాని ప్రకారము గాయములలో మూడవ వంతు మొదలు సగము వరకు పెద్దలు చూచుచుండగనే కలిగినవి. నాలుగింట మూడు గాయములు ఒకరికి మించి ఒకేసారి ఎగిరినప్పటివి. బరువైనవానితో కలిసి ఎగిరినచో, మిక్కిలి చిన్నవానికి దెబ్బ తగులు అవకాశము వానికంటె పదునాలుగు రెట్ల వరకు ఉండును. అసలు ఇండ్లలో దీనిని వాడుటనే ఆ వైద్యులు నిరుత్సాహపరచిరి. అమ్మువారి ప్రకటనలలో ఈ మాట కనిపించదు; కొనువారు ముందుగా వినుట న్యాయము.

"వల ఉన్నది కదా నాన్నా, ఏమీ కాదులే" అని కొడుకు ధైర్యము చెప్పును. వెలుపలికి పడుట వలని గాయములు నాలుగవ వంతునకు పైబడి, సగమునకు లోబడి మాత్రమే ఉన్నవి. వల ఆపగలిగినచో ఆపునది ఆ భాగమునే. మిగిలినవన్నియు వల లోపలనే జరుగును. వేసవి సెలవులలో అక్క పిల్లలు, అన్న పిల్లలు నలుగురు కలిసి ఎక్కుదురు. పన్నెండేండ్లవాడు దిగినప్పుడు గుడ్డ లోతుగా కుంగి, వెంటనే బలముగా పైకి వచ్చును. ఆ క్షణముననే ఐదేండ్ల పాప క్రిందికి దిగుచున్నచో, ఆమె కాలికి తగులునది మెత్తని గుడ్డ కాదు, ఎదురువచ్చు గచ్చునేల. మోకాలి క్రింది ఎముక చిట్లుట ఇట్లే. ముచ్చటపడి తండ్రి తానును బిడ్డతో కలిసి ఎగురుట అన్నిటికంటె అపాయకరమైన ముచ్చట. ఇక పిల్లిమొగ్గల మాట చెప్పనే అక్కరలేదు. మెడపై పడి వెన్నుపాము దెబ్బతినినచో అది అతికించుకొనదగిన ఎముక కాదు.

కాబట్టి ఒకసారికి ఒక్కడు, ఆరేండ్ల లోపు వానికి అసలే లేదు, పిల్లిమొగ్గ వేసినవాడు ఆనాటికి దిగవలసినదే. ఈ కట్టుబాటును పిల్లల యెదుటనే తల్లిదండ్రులు ప్రకటించి, "అవ్వ దిగుమన్నచో దిగవలెను" అని చెప్పనిచో, కుర్చీలోని అవ్వ ప్రేక్షకురాలే గాని కాపలాదారు కాదు.

కాపలా యనగా ఆట వేళ కూర్చుండుట మాత్రము కాదు. విద్యుత్తు మోటార్లు రాకముందు ఈ సీమ రైతు కపిల తోలి బావినీరు పైకి తెచ్చెడివాడు. నీటితో నిండిన తోలుబానను, దానిని లాగు ఎద్దులను కలుపునది మోకు ఒక్కటే. పీచు లేచిన మోకును ఏ రైతును నమ్మెడివాడు కాడు. చింతకొమ్మకు ఉయ్యాల వేసినప్పుడు, పిల్లలకంటె ముందుగా ఇంటి పెద్ద తానే కూర్చుండి ఊగి చూచుట వాడుక. తాడు ఎవరిదో, దానికి పూచీ యెవరిదో ఇంటిలో అందరికి తెలియును. గంతుల మంచము కొనునది కొడుకు, బిగించి పోవునది కూలివాడు, ఆడునది పిల్లలు. పూచీ యెవరిది?

ఎవరో ఒకరు వారమునకొకమారు దాని చుట్టును తిరిగి రావలెను. ప్రతి స్ప్రింగును చేతితో తాకి, రెండు కొక్కెములును పట్టియున్నవో లేవో చూడవలెను. సాగి మరల ముడుచుకొనని స్ప్రింగును తీసి, సరిగా అదే పొడవుగల దానిని వేయవలెను. ఒక్కటే కదా యని వదలినచో ప్రక్కవాటిపై బరువు పడును. గుడ్డ అంచున కుట్టు విడినచో సూదిదారముతో సరిపెట్టరాదు, గుడ్డనే మార్చవలెను. స్ప్రింగులను కప్పు మెత్త అన్నిటికంటె ముందు పాడగును. అది చినిగిననాడే ఆట ఆపవలెను. ఎండకు ప్లాస్టిక్కు నూలు పెళుసెక్కును, కంటికి మాత్రము క్రొత్తదివలెనే కనిపించును. వ్రేలితో గట్టిగా నొక్కి లాగినచో నిజము తెలియును. ఈశాన్య ఋతుపవనపు వానలకు గొట్టముల అతుకులు త్రుప్పుపట్టును. తడిసిన గుడ్డపై కాలు నిలువదు.

చోటు కూడ ముఖ్యము. మైసూరు పీఠభూమి అంచుననున్న ఈ ఊళ్లలో ఆషాఢపు గాలి తక్కువది కాదు. నేలలో మేకులు దింపి కట్టని మంచము పల్టీకొట్టి ప్రహరీపై పడవచ్చును. కుప్పం వైపు రాతికి కొదువ లేదు గనుక పెరడంతయు బండలు పరచుకొనువారు ఉందురు. బండలపై దీనిని నిలుపరాదు. మట్టినేల సమముగా ఉండవలెను. పైన కొమ్మ గాని కరెంటు తీగ గాని, ప్రక్కన రాతికూసము గాని బావిగట్టు గాని ఉండరాదు. గుడ్డ క్రింది నీడ కుక్కకును కోళ్లకును మిక్కిలి ప్రీతి. వానిని తరుముచు పసివాడు దూరును. పుంగనూరు ఆవు మూడడుగుల పొట్టిదే యైనను, దానిని తెచ్చి ఆ ఇనుపకాలికి కట్టుట మరియొక తెలివి. ఆట ముగియగనే నిచ్చెన తీసి ఇంటిలో పెట్టవలెను. తప్పటడుగుల బిడ్డకు అంతకంటె మంచి తాళము లేదు.

ఇంత శ్రమ యెవరు పడుదురను ఇంట దానిని విప్పివేయుట మేలు. గుడ్డయు వలయు పోయినను, ఇనుప చట్రము బీరపాదునకు చక్కని పందిరి యగును.