పెద్దవాళ్లతో మట్టి పని మాన్పించకండి

మీ ఇంట్లో పదిహేను, ఇరవై ఏళ్ల బోన్సాయ్ ఉందా? మర్రో, రావో, జువ్వో అయి ఉంటుంది. దాన్ని పెంచిన నాన్నగారికో, మామగారికో ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. షుగర్, బీపీ కూడా ఉండొచ్చు. ‘ఈ వయసులో మట్టి పనులెందుకు, హాయిగా కూర్చోండి’ అని పిల్లలంటారు. ‘ఇంట్లో బోన్సాయ్ ఉంటే ఎదుగుదల ఉండదట’ అని చుట్టాలంటారు. చివరికి చెట్టు ఎవరింటికో వెళ్లిపోతుంది. పెద్దాయన టీవీ ముందుకు చేరతారు.

ప్రేమతోనే చేస్తున్నాం అనుకుంటాం. కానీ వైద్యుడిగా నేను దీన్ని ఒప్పుకోలేను. విశ్రాంతి జబ్బు పడినప్పుడు కావాలి, కోలుకునేదాకా కావాలి. దాన్ని జీవన విధానంగా మార్చేస్తే కండ కరిగిపోతుంది, నడకలో పట్టు తప్పుతుంది, పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ‘రోజంతా ఏం చేస్తుంటారు?’ అని ఓపీలో అడిగితే ‘ఏముంది డాక్టర్ గారూ, తినడం, పడుకోవడం’ అనే జవాబు తరచూ వింటుంటాను. రోజూ అరగంట నడవమంటే వారం నడిచి మానేస్తారు. బోన్సాయ్ అలా మాననివ్వదు. ఏప్రిల్ ఎండలో ఒక్క పూట నీళ్లు తప్పితే ఆకు వాడిపోతుంది. లేచి వెళ్లాల్సిందే. పొద్దున నీళ్లు పోసే వేళకే బీపీ మాత్రనూ ముడిపెట్టుకుంటే అదీ మర్చిపోరు.

బోన్సాయ్ మందు కాదు. షుగర్ తగ్గించదు, నడకకు బదులూ కాదు. కానీ రేపటి కోసం ఎదురుచూసేలా చేస్తుంది.

ఏళ్ల తరబడి సాగే పని

లోతు తక్కువ కుండీలో చాలాకాలం ఉన్న చెట్టు వేళ్లు చుట్టలు చుట్టుకుపోతాయి. పోసిన నీళ్లు లోపలికి దిగక పైనే నిలుస్తాయి. అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు బయటికొస్తాయి. అప్పుడు కుండీ మార్చాలి. మర్రి జాతి చెట్లకు మన దగ్గర తొలకరి మంచి అదను. చెట్టును బయటికి తీసి, వెదురు పుల్లతో వేళ్ల అంచుల్లోని మట్టిని నెమ్మదిగా దులపాలి. చుట్టుకుపోయిన లావు వేళ్లను కత్తిరించాలి. మొత్తం మీద మూడో వంతుకు మించి తీయకూడదు. నీరసించిన చెట్టుకైతే ఇంకా తక్కువే. ఇటుక ముక్కలు, గరుకు ఇసుక, కొద్దిగా కంపోస్టు కలిపిన మట్టి నింపి, చెట్టు కదలకుండా తీగతో కుండీకి కట్టాలి. అడుగు నుంచి నీళ్లు తేటగా కారేదాకా పోయాలి. మూడు, నాలుగు వారాలు నీడలో ఉంచాలి. కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వద్దు. ఆ ఏడాది కొమ్మల జోలికి వెళ్లొద్దు.

రెండో ఏడాది కొమ్మలను స్వేచ్ఛగా పెరగనివ్వాలి. ఆకులు ఎక్కువుంటేనే కొమ్మ లావెక్కుతుంది. మూడో ఏడాది అడ్డదిడ్డంగా ఉన్నవి తీసేసి, మిగిలిన వాటికి అల్యూమినియం తీగ చుట్టి వంపు తిప్పాలి. ఆ తీగను వారం వారం చూసుకుంటూ, బెరడులోకి దిగకముందే తీసేయాలి. మళ్లీ కుండీ మార్చేది నాలుగో ఏటో, ఐదో ఏటో. అన్నీ ఒకే సీజన్‌లో చేసేస్తే పాత చెట్టు తట్టుకోలేదు.

‘ఈ వయసులో ఐదేళ్ల ప్రణాళికా?’ అని నవ్వకండి. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని బోన్సాయ్ మ్యూజియంలో 1625 నుంచి పెంచుతున్న ఒక తెల్ల పైన్ చెట్టు ఉంది. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు పడినప్పుడు సుమారు 3 కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా బతికింది. యమాకి కుటుంబం తరతరాలుగా పెంచిన ఆ చెట్టును 1976లో అమెరికాకు బహుమతిగా ఇచ్చారు. దాన్ని పెంచిన వాళ్లలో ఎవరూ పని పూర్తయ్యేదాకా ఉంటామనుకుని మొదలుపెట్టలేదు.

జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి

పని మాన్పించకుండా ఈ జాగ్రత్తలు పాటించేలా చూడండి.

• చేతులకు గ్లౌజులు, కాళ్లకు పూర్తిగా మూసి ఉండే చెప్పులు ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లు ఉత్త కాళ్లతో తడి మట్టిలో నిలబడకూడదు. వానాకాలంలో మట్టి నుంచి మెలియాయిడోసిస్ అనే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ సోకే అవకాశముంది. షుగర్ రోగులకు ముప్పు ఎక్కువ. తగ్గని జ్వరం వస్తే మట్టి పని చేసిన సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.

• కంపోస్టు సంచి విప్పేటప్పుడు మాస్కు పెట్టుకోవాలి. ఆ దుమ్ములోని లెజియోనెల్లా బ్యాక్టీరియా వల్ల న్యుమోనియా రావచ్చు.

• మర్రి జాతి పాలు కొందరి చర్మానికి పడవు. అంటితే వెంటనే కడుక్కోవాలి.

• ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కత్తెరతో మరింత జాగ్రత్తగా ఉండాలి.

• గొంతుక్కూర్చుని చేయొద్దు. బీపీ మందులు వాడేవాళ్లు ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. బల్లమీద పెట్టుకుని, కుర్చీలో కూర్చుని చేయాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఏమీ తినకుండా మొదలుపెట్టొద్దు.

• కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలవనివ్వొద్దు. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరేదాకా పెరగడానికి వారం, పది రోజులు చాలు.

బరువైన కుండీ ఎత్తే పని మాత్రం ఇంట్లోని కుర్రవాళ్లది. ఏ వేరు కత్తిరించాలో, ఏ కొమ్మ ఉంచాలో పెద్దవాళ్లను చెప్పనివ్వండి. వాళ్ల ఒంట్లో శక్తి తగ్గినంత మాత్రాన వాళ్ల నిర్ణయాలు కూడా మనమే తీసుకోవాలని లేదు.