వినతిపత్రం: విప్పకుండా తెలిసే సరుకు కాదిది

గౌరవనీయులైన ఖమ్మం జిల్లా కలెక్టర్ గారికి,
(జిల్లా వినియోగదారుల రక్షణ మండలి అధ్యక్షుల హోదాలో)

పెనుబల్లి మండలంలో ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) బండ్లు నడుపుకొనే మేము సవినయంగా సమర్పించుకొనే వినతి.

విషయం: రిమోట్ కంట్రోల్ బండ్ల విడిభాగాల్లో తప్పు సరుకు పంపి, పొట్లం విప్పారనే సాకుతో వాపసు తీసుకోకపోవడం గురించి.

ఆర్యా,

బొమ్మకారు గొడవేనని ఈ కాగితం పక్కన పెట్టవద్దని ముందుగా మనవి. సత్తుపల్లి ఓపెన్‌కాస్టు గని డంపర్లను చూస్తూ పెరిగినవాళ్ళం. మాలో మోటారు వైండింగ్ చేసేవాళ్ళున్నారు, ఐటీఐ చదివేవాళ్ళున్నారు, పామాయిల్ తోటల్లో పనికెళ్ళేవాళ్ళున్నారు. వరికోతలయ్యాక ఖాళీ మడుల్లో బండ్లు తిప్పుకుంటాం. అసలు బండిలో పదోవంతు ఉండే ఈ బండికీ డిఫరెన్షియల్, సస్పెన్షన్, స్పీడ్ కంట్రోలర్ అన్నీ ఉంటాయి. గట్టుకు గుద్దుకుంటే ఏదో ఒకటి విరుగుతుంది. విరిగింది మార్చుకుంటేనే మళ్ళీ కదులుతుంది. స్పేర్ దొరకదని తెలిస్తే ఈ బండి ఎవరూ కొనరు.

మాలో ఒకరు దాదాపు రెండు వేలు పెట్టి ఆన్‌లైన్‌లో స్టీరింగ్ సర్వో తెప్పించారు. ముందు చక్రాలను పక్కకు తిప్పే చిన్న మోటారు పెట్టె అది. దాని ఇరుసుకు పళ్ళుంటాయి. ఫుటాబా కంపెనీ తరహాకు 25, హైటెక్‌కు 24, సాన్వాకు 23. కంటికి మూడూ ఒకేలా కనబడతాయి. ఇరుసుకు తొడిగే చిన్న చేయిని, అంటే స్టీరింగ్ హార్న్‌ను, దాని మీద కూర్చోబెట్టబోతేనే తేడా బయటపడుతుంది, బలవంతంగా దిగ్గొడితే హార్న్ లోపలి పళ్ళు తెగిపోతాయి. ప్రకటనలో 25 పళ్ళని రాశారు. వచ్చింది 24 పళ్ళది.

ఫిర్యాదు చేస్తే, పొట్లం విప్పారు కాబట్టి వాపసు లేదని అమ్మినవాళ్ళు అన్నారు. విప్పకుండా పళ్ళు లెక్కపెట్టే ఉపాయమేదో వాళ్ళే చెప్పాలి. తర్వాత, ఎలక్ట్రానిక్ సరుకుకు వారంటీ ఉండదన్నారు. మేము అడిగింది వారంటీ కాదు, ఆర్డరు పెట్టిన వస్తువు. ఇంకోసారి, మీ పిన్‌కోడ్ నుంచి సరుకు వెనక్కి తీసుకెళ్ళే సదుపాయం లేదన్నారు. వైరా, తల్లాడ, కల్లూరు దాటి మా గడప దాకా తెచ్చిన కొరియర్‌కు తిరుగుదారి మాత్రం తెలియదట! తెలుగులో మాట్లాడే మనిషిని ఇవ్వమంటే జవాబు లేదు. చివరికి ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్ పంపి, సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారని అడిగారు.

అమ్మేటప్పుడు ‘పిల్లలకు చక్కని కానుక’. తప్పు చూపితే ‘ఇది అనుభవజ్ఞుల హాబీ సరుకు, అమర్చుకోవడం మీ బాధ్యత’. ఏదో ఒక మాట మీద నిలబడితే మాకూ తేలికే.

చట్టం మావైపే ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. ఆ రెండు వేల కోసమైతే ఖమ్మంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఉన్నచోటి నుంచే కేసు వేయొచ్చు, కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. ఆ పని విడిగా చేస్తున్నాం.

మీ దగ్గరికి వచ్చింది వేరే పనికి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, వినియోగదారులందరికీ నష్టం చేసే అన్యాయపు వ్యాపార పద్ధతుల మీద విచారణ జరిపి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు నివేదిక పంపే అధికారం కలెక్టరుకు ఉంది. ‘విప్పితే వాపసు లేదు’ అనే షరతు ఒక్క సర్వోది కాదు. పంపు స్పేర్‌కూ, మిక్సీ కప్లింగ్‌కూ ఇదే మాట చెబుతున్నారు. అమర్చి చూస్తేగాని తెలియని విడిభాగాలకు ఈ షరతు పెట్టడంపై విచారణ జరిపించి, నివేదిక పంపాలని మా ప్రధాన కోరిక.

వచ్చిన పొట్లం మీద దిగుమతిదారు పేరు గానీ చిరునామా గానీ లేవు. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల కింద అవి తప్పనిసరి. తూనికలు కొలతల శాఖ చేత తనిఖీ చేయించాలి. పొట్లం భద్రంగా ఉంది, అడిగితే చూపిస్తాం.

సరుకు తెచ్చి ఇచ్చే ప్రతి పిన్‌కోడ్ నుంచీ తప్పు సరుకును అమ్మకందారు తన ఖర్చుతోనే వెనక్కి తీసుకెళ్ళాలని, ఫిర్యాదు వినడానికి తెలుగు మనిషి ఉండాలని మండలి తరఫున రాష్ట్ర ప్రభుత్వానికి రాయాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 తెలుగులో వింటున్నప్పుడు, తెలుగునేల మీద సరుకమ్ముకునే వ్యాపారికి అది భారం కాకూడదు.

జిల్లా మండలి ఏడాదికి రెండు సమావేశాలైనా జరపాలని చట్టం చెబుతోంది. వచ్చే సమావేశంలో ఈ వినతిని చర్చకు పెట్టి, మాలో ఒకరిని పిలిచి మాట వినవలసిందిగా ప్రార్థిస్తున్నాం. బిల్లు, ప్రకటన ఫొటో, వాళ్ళ జవాబుల నకళ్ళు దీనితో జతచేశాం.

ఇట్లు,
ఆర్‌సీ బండ్ల ఔత్సాహికులు,
పెనుబల్లి మండలం

ప్రతి: జిల్లా తూనికలు కొలతల అధికారి గారికి