గ్యాస్ ఎక్కడికి పోయినట్టు?
మే నెల విజయవాడలో కారు ఏసీ చల్లగాలి ఇవ్వడం మానేస్తే, బానెట్ ఎత్తకముందే వినిపించే మాట ‘గ్యాస్ అయిపోయింది సార్’. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. ఏళ్లు గడిస్తే సీళ్లగుండా కొంత జారవచ్చు గానీ, నిరుడు పట్టించింది ఈ వేసవికే తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. హైవే మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడెక్కుతుంటే నేను ముందు అనుమానించేది కండెన్సర్ ఫ్యాన్‌నే. డబ్బు సంగతి అలా ఉంచండి, నా బాధ వేరు: చాలా కార్ల ఏసీల్లో ఉండే ఆర్-134ఏ గ్యాస్ లీకై గాలిలో కలిస్తే, బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఎండకు తాళలేక పట్టించుకున్న గ్యాసే రేపటి ఎండను పెంచుతుంది. అందుకే నైట్రోజన్ ప్రెషర్ పెట్టి, సబ్బునురగతో లీకు చూపించి, దాన్ని సరిచేశాకే గ్యాస్ పట్టమంటాను.